కొలువు పోయినను పనితనము పోదు

ఒకని కొలువు పోయినదను వార్త ఊరిలో పొక్కిన తోడనే, దానికి కారణము యంత్రమా, వ్యాపారమా, ప్రభుత్వ విధానమా యని విచారింపకయే, "ఏమి చేసెనో ఏమో, ఊరకనే తీసివేయుదురా" అను మాట ముందుగా పుట్టుట మన సంఘములో నేటికిని మానలేదు. తప్పు చేసి దొరకిపోయినవానికిని, కర్మాగారము మూతపడుటచే వీధిని పడినవానికిని నడుమ గల భేదమును గుర్తింపని ఈ లోకరీతి, జీతము పోయిన యింటినుండి మర్యాదను గూడ తీసికొని పోవుచున్నది. మర్యాద పోయినచోట ధైర్యము నిలువదు, ధైర్యము లేనివాడు పదిమందిని కలిసి పని యడుగజాలడు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. కొలువు పోయినపుడు కార్మికుని పనితనము పోదు. పోవునది ఆ పనితనమునకు సాక్ష్యము, దాని అవసరము గలవారిని చేరు మార్గము. ఆ సాక్ష్యమును కొలువున్న నాడే వ్రాతమూలకముగా నిలుపుటయు, ఆ మార్గమును నోటీసు అందిన దినముననే తెరచుటయు యజమానికిని, ప్రభుత్వమునకును, ఊరికిని విధ్యుక్తములైన ధర్మములు. పరిహారపు రూపాయలు మాత్రము చేతబెట్టి సాగనంపుటచే ఆ ధర్మము నెరవేరినట్లు కాదు.

వికారాబాదు, తాండూరు ప్రాంతమును ఉదాహరణముగా గైకొనుటకు కారణము గలదు. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లానుండి వేరుపడి ఏర్పడిన వికారాబాదు జిల్లాలో, అనంతగిరి కొండలు దాటి పడమటికి పోయినకొలదిని నేల స్వభావము మారి, భూగర్భ శాస్త్రజ్ఞులు భీమా శ్రేణి యని పిలుచు సున్నపురాయి పొరలు పొరలుగా బయటపడును. ఆ రాయియే తాండూరునకు అన్నము పెట్టినది. పలకలుగా చీలినది నాపబండయై దక్షిణదేశమున ఎన్నియో యిండ్లలో పరచబడినది. పొడియై కాలినది సిమెంటైనది. ఆ రాతినేలల నల్లరేగడిలో పండిన కంది, 2022లో భౌగోళిక గుర్తింపును పొంది తాండూరు పేరును దేశమునకు చాటినది. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు నిజాము రాజ్యపు రైలు నడచుటతో, ఈ బండలకును ఈ ధాన్యమునకును దూరపు బజారులు చేరువయ్యెను. ఇట్లు ఒక్క రాయినే నమ్ముకొని పెరిగిన పట్టణమునకు ఆ రాతిగిరాకిలో వచ్చు ప్రతి మార్పు వేలకొలది యిండ్ల వంటగదులలో తెలియును.

1965లో భారత ప్రభుత్వము నెలకొల్పిన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా జనులు సిసిఐ యని పిలుచు సంస్థ, తాండూరు సమీపమున కరన్‌కోటలో ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యము గల కర్మాగారమును నిర్మించి 1987లో ఉత్పత్తికి తెచ్చినది. అదే సంస్థకు సరిహద్దున కర్ణాటకలో కుర్‌కుంటవద్ద ఒకటి, మన ఆదిలాబాదులో ఒకటి, కడప జిల్లా ఎర్రగుంట్లలో ఒకటి, ఉత్తరదేశమున మరికొన్ని కర్మాగారములుండెను. సిమెంటుపై ప్రభుత్వ నియంత్రణము 1982లో కొంత, 1989లో పూర్తిగా తొలగింపబడిన తరువాత ప్రైవేటు పోటీ పెరిగి, నిర్వహణ పెట్టుబడి చాలక, విద్యుత్తు కొరతకు లోనై ఆ సంస్థ నష్టముల పాలయ్యెను. 1996లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటింపబడెను. 1998లో కుర్‌కుంట, ఆదిలాబాదు కర్మాగారములు ఆగిపోయినవి. 2006లో ఆమోదింపబడిన పునరుద్ధరణ పథకము మూడు కర్మాగారములను మాత్రమే నిలుపుకొని, ఆగిపోయిన ఏడింటిని అమ్మివేయవలెనని నిర్ణయించెను. నిలుపుకొన్న ఆ మూడు: అస్సాములోని బోకాజాన్, హిమాచలములోని రాజ్‌బన్, మన తాండూరు.

ఈ నిర్ణయమును కొంచెము నిదానించి చూడుడు. కరన్‌కోటలో రాతిని కాల్చు కిల్న్ దగ్గర నిలిచినవాడును, కుర్‌కుంటలో కిల్న్ దగ్గర నిలిచినవాడును ఒకే సంస్థ నౌకరులు. ఒకే విధమైన రాతిని కాల్చినవారు. ఒకే జీతపు పట్టికలో పేర్లున్నవారు. ఒకని కొలువు నిలిచినది, ఒకని కొలువు పోయినది. కుర్‌కుంటవాని పనిలో, ఆదిలాబాదువాని పనిలో లోపముండెనా? తాండూరువాని చేతిలో ఏదైన మహిమ యుండెనా? రెండును లేవు. కర్మాగారము ఎంత పెద్దది, ఎంత పాతది, పెట్టుబడి ఎక్కడ గిట్టును అను లెక్కలు ఢిల్లీలో కట్టబడినవి. ఆ లెక్కల ఫలమును ఆదిలాబాదు కార్మికుడు అనుభవించినాడు. కర్మాగారమును మరల తెరువవలెనని ఆ పట్టణము ఏండ్ల తరబడి ఆందోళన చేయుచునే యున్నది. ఈ ఒక్క ఉదాహరణము చాలును, కొలువు పోవుట వ్యక్తి దోషమునకు శిక్ష యను భావమును మన మనస్సునుండి పెరికివేయుటకు.

తాండూరు సిసిఐ నిలిచినను, తాండూరు కార్మికుని కొలువు అంతటితో భద్రమైనదని చెప్పజాలము. ఈ పరిసరములలోని ప్రైవేటు సిమెంటు కర్మాగారముల యాజమాన్యములు ఇటీవలనే చేతులు మారినవి: 2024లో పెన్నా సిమెంట్స్ అదానీవారి అంబుజా సంస్థలోనికిని, ఆ సంవత్సరాంతమున ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ అధీనములోనికిని పోయినవి. యాజమాన్యము మారిన ప్రతిచోటను ఉద్యోగములు తగ్గితీరునని నా యభిప్రాయము కాదు. ఐనను రెండు సంస్థలు ఒకటైనపుడు రెండు గుమాస్తా గదులు, రెండు గిడ్డంగి పద్దులు, రెండు అమ్మకపు బృందములు అవసరమా యను ప్రశ్న ఎచ్చటనైనను పుట్టునదే. ఆ ప్రశ్న పుట్టకమునుపే మనము సమాధానమును సిద్ధము చేసికొనవలెను. ఈ జిల్లానుండి రైలెక్కి హైదరాబాదు కొలువులకు పోవు యువకులకును ఇది అన్యమైన విషయము కాదు. 2025 జులైలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తన ఉద్యోగులలో సుమారు 2 శాతము మందిని, అనగా 12 వేల మందికి పైగా తగ్గింతునని ప్రకటించినపుడు, సిమెంటు గోనెలు మోయువాని భయము కంప్యూటరు ముందు కూర్చుండువానిని గూడ తాకినది.

కంపెనీ కొలువునకు ఒక నోటీసైనను వచ్చును. నాపబండల పనిలో అదియును లేదు. విట్రిఫైడ్ టైల్స్, గ్రానైటు, పాలరాయి ఇండ్లలోనికి వచ్చినకొలదిని నాపబండకు గిరాకి తగ్గినది. గిరాకి తగ్గినకొలదిని క్వారీలలోను, పాలిష్ యూనిట్లలోను పనిదినములు తగ్గినవి. అచ్చట తొలగింపు ఉత్తరముండదు, లెక్క పత్రముండదు. సాయంకాలము కూలి లెక్క చూచి, "రేపు రావద్దు, పని ఉంటే కబురు చేస్త" అను ఒక్క మాటతో పదునైదేండ్ల సంబంధము తెగిపోవును. మరునాడు ఉదయమున ఆ మనుష్యుడు కూలీల అడ్డామీద నిలుచుండి యుండును. అతడు బండ కోయువాడా, పాలిష్ పట్టువాడా, గనిలో పొర లేపువాడా యని ఎవ్వరును అడుగరు; మట్టి మోయుటకు వత్తువా, ఎంతకు వత్తువు, ఇంతే అడుగుదురు. పనితనమునకు సాక్ష్యము లేకపోవుట యనగా నిదియే. నిన్నటివరకు నిపుణుడైనవాడు నేడు వట్టి కూలివాడగుచున్నాడు. అతని చేతులు మాత్రము మారలేదు.

ఆ చేతులలో ఏమున్నదో దగ్గర నిలిచి చూచినవారికే తెలియును. నాపరాతి గనిలో పొర లేపువాడు ముందుగా సుత్తితో బండను అక్కడక్కడ మెల్లగా తట్టి చెవియొగ్గును. గట్టి బండ గణగణ మ్రోగును. లోపల చీలిక యున్నది డొల్లగా పలుకును. ఆ ధ్వనిని బట్టి ఎచ్చట ఉలి పెట్టవలెనో, ఎచ్చట గడ్డపార దూర్చవలెనో నిర్ణయించి, నాలుగడుగుల పలకను అంచు విరుగకుండ పైకి లేపును. తట్టు తప్పినచో బండ ముక్కలై చెత్తకుప్పకు పోవును, దానితో అతని కూలియు పోవును. సిమెంటు కర్మాగారములో కిల్న్ నడుపువాని నేర్పు మరియొక విధమైనది. సుమారు 1,450 డిగ్రీల వేడిమిలో రాతిపొడి కరుగ నారంభించి క్లింకరు గుండ్లుగా గట్టిపడునపుడు, కిటికీవద్ద నీలపుటద్దమును కన్నులకడ్డము పెట్టుకొని మంట రంగును, లోపల దొర్లు ద్రవ్యపు ఎత్తును చూచి, బొగ్గు పెంచవలెనో తగ్గింపవలెనో చెప్పగలవారిని తయారుచేయుటకు ఏండ్లు పట్టినది. కంట్రోలు గదిలో తెరలు వచ్చిన తరువాతను ఆ అంకెల వెనుక మంటను చూడగలవాడే మంచి ఆపరేటరు. ఇంతటి విద్యను సంపాదించినవాని చేతిలో, కంపెనీ గేటు దాటునపుడు ఉండునది "ఇంత కాలము పనిచేసెను, నడవడి తృప్తికరము" అను రెండు పంక్తుల కాగితము. నడవడి సంగతి సరియే, నైపుణ్యము సంగతి ఏమి?

కొలువు పోయినవానికి డబ్బు కొరతకంటె లోతైన కష్టమొకటి గలదనుటకు ప్రసిద్ధమైన నిదర్శనమొకటి ఆస్ట్రియా దేశమున గలదు. వియన్నా నగర సమీపమున మారియెన్‌థాల్ అను గ్రామము ఒక్క వస్త్ర కర్మాగారమునే నమ్ముకొని జీవించినది. 1930 ప్రాంతమున అది మూతపడగా ఊరంతయు నిరుద్యోగమున పడెను. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అను పరిశోధకులు ఆ గ్రామజీవనమును పరిశీలించి 1933లో గ్రంథముగా ప్రకటించిరి. చేతినిండ తీరిక దొరకినవారు ఎక్కువగా చదువుదురని మనము తలంతుము. అచ్చట గ్రంథాలయమున పుస్తకము తీసికొనువారు తగ్గిపోయిరి. మగవారు వీధిలో నడచు వేగము తగ్గినది, త్రోవలో మాటిమాటికి ఆగుచుండిరి. ఇంటిపని తప్పని స్త్రీలు మాత్రము వేగముగనే నడచుచుండిరి. ఉదయము లేచి గడియారము చూడవలసిన పని లేనివానికి కాలము చెదరిపోవునని, కాలముతోపాటు సంకల్పమును సడలునని ఆ పరిశోధనము తేటపరచినది. రైలు వేళకు లేచి, షిఫ్టు గంటకు పరుగెత్తి, అలసి యింటికి వచ్చిన తాండూరు కార్మికుడు ఒకనాడు అకస్మాత్తుగా పగలంతయు ఖాళీగా కూర్చుండవలసి వచ్చినచో అతనికి జరుగునదియు నిదియే. కావున కొలువు పోవుటకును కొలువు దొరకుటకును నడుమనున్న కాలము ఎంత దీర్ఘమైన అంత ప్రమాదము. దానిని తగ్గించుటయే అన్ని ప్రయత్నములకును లక్ష్యము కావలెను.

ఈ నడిమి కాలమును మన రాష్ట్రము ఎంత తేలికగా తీసికొనినదో చూడుడు. కాగజ్‌నగరములోని సిర్పూరు పేపరు మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో క్రొత్త యాజమాన్యమునకు చేరినది. మిల్లు తిరిగి తెరచుకొన్నందుకు సంతోషింపవలసినదే. ఐనను ఆ నాలుగేండ్లు చదువు మానిన పిల్లవానికి చదువు తిరిగి రాదు, కుదువబెట్టి విడిపింపలేకపోయిన నగ తిరిగి రాదు. 2015 డిసెంబరులో బోధనులోని నిజాం షుగర్స్ ఆగినపుడును, అంతకుముందు వరంగల్లులో 1934లో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు మూతపడినపుడును మనము మాటలాడినదంతయు మిల్లును ఎప్పుడు తెరతురు అను ప్రశ్నను గూర్చియే. అది న్యాయమైన ప్రశ్నయే. ప్రజలు దానిని విడువరాదు. కాని మిల్లు తెరచువరకు ఈ మనుష్యులు ఏమి చేయవలెను, వారి విద్యను ఎవరు వినియోగించుకొందురు అను రెండవ ప్రశ్నను అడిగినవారు అరుదు. మొదటి ప్రశ్నకు సమాధానము ఏండ్లు పట్టును; రెండవదానికి వారములలో సమాధానము చెప్పవచ్చును.

చట్టము ఈ విషయమున మూగది కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో చేర్చిన ప్రకరణము, ఏడాదికి తక్కువ కాకుండ ఎడతెగక పనిచేసిన కార్మికుని తొలగింపవలెనన్నచో కారణము తెలిపి నెలరోజుల నోటీసో, దానికి బదులు వేతనమో ఈయవలెననియు, పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనమును పరిహారముగా చెల్లింపవలెననియు, సాధారణముగా కడపట చేరినవానినే ముందుగా తొలగింపవలెననియు, తరువాత మరల మనుష్యులను తీసికొనునపుడు తొలగింపబడినవారికి ప్రాధాన్యమీయవలెననియు శాసించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి ఈ సూత్రములను చాలవరకు నిలుపుకొనుచునే, తొలగింపునకు ప్రభుత్వ పూర్వానుమతి కావలసిన కర్మాగారపు పరిమితిని 100 మందినుండి 300 మందికి పెంచినది. పునర్నియామక ప్రాధాన్యమును ఒక సంవత్సరమునకు పరిమితము చేసినది. అనగా చిన్న కర్మాగారముల కార్మికునికి వెనుకటి రక్ష కొంత తగ్గినది. దానికి ప్రతిగా క్రొత్తగా ఒక పునర్నైపుణ్య నిధి యేర్పడినది: తొలగింపబడిన ప్రతి కార్మికుని పేర యజమాని 15 దినముల కడపటి వేతనమును చెల్లింపవలెను, అది 45 దినములలో కార్మికుని ఖాతాకు చేరవలెను.

ఈ నిధిని నేను తృణీకరింపను. కాని సగము నెల జీతముతో ఏ విద్యను నేర్చుకొనగలరు? ఆ సొమ్ము ఖాతాలో పడిన నాడు ఇంటి అద్దెయో, కిరాణా బాకీయో, పిల్లవాని ఫీజో దానిని మింగివేయును. నిధి పేరు నైపుణ్యము, వ్యయము ఆకలి. ఇటువంటి అనుభవము మనకు పూర్వమును కలదు. 1992లో ఆర్థిక సంస్కరణములవలన ఉద్యోగములు కోల్పోవువారి కొరకు కేంద్రము జాతీయ పునరుద్ధరణ నిధిని స్థాపించినపుడు, పునఃశిక్షణము, పునర్నియామకము అను ఉద్దేశములు ఘనముగా ప్రకటింపబడినవి. వెచ్చించిన సొమ్ములో అధికభాగము మాత్రము ప్రభుత్వరంగ సంస్థల స్వచ్ఛంద పదవీ విరమణ పరిహారములకే పోయెను. పరిహారము గడచిన సంవత్సరములకు కట్టిన వెల. అది న్యాయముగా రావలసినదే, ఒక్క పైసయు తగ్గరాదు. ఐనను గడచిన కాలమునకు వెల కట్టుట వేరు, రాబోవు కాలమునకు త్రోవ చూపుట వేరు. మొదటిదానిని చేసి రెండవదానినిగూడ చేసితిమనుకొనుటయే మన విధానములోని మూలదోషము.

త్రోవ చూపుట సాధ్యమేనా యని సందేహించువారికి స్వీడన్ దేశము సమాధానము చెప్పును. అచ్చట ప్రైవేటు సంస్థల ఉద్యోగుల కొరకు యజమానుల సమాఖ్యయు, ఉద్యోగ సంఘములును కలిసి 1974లో ఉద్యోగ భద్రతా మండలినొకదానిని ఏర్పరచుకొనినవి. సంస్థలు తమ జీతముల మొత్తములో స్వల్పభాగమును దానికి చెల్లించుచుండును. ఒక సంస్థ కొందరిని తగ్గింపదలచినపుడు, వారు వీధిని పడకమునుపే మండలి సలహాదారు వారిని కలిసి, వారికి వచ్చిన పనులేవి, ఏయే సంస్థలకు అవి కావలెను, నడుమ ఏ చిన్న శిక్షణము చాలును అని విచారించి దారి చూపును. మనది వేరు దేశము, మన కార్మికులలో అధికసంఖ్యాకులకు నియామక పత్రమే లేదు, నిజమే. కాని ఆ పద్ధతిలోని సారము సంపదలో లేదు, సమయములో నున్నది. తొలగించిన తరువాత కాక, తొలగింపునకు ముందే పని మొదలగుట యందున్నది. ఇది తాండూరులో చేయలేని పని కాదు.

ఏమి చేయవలెనో స్పష్టముగా చెప్పెదను. మొదటిది, పనితనపు పత్రము. వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ప్రకారము ఇక ప్రతి ఉద్యోగికిని నియామక పత్రమీయవలసియున్నది. దానిని సిమెంటు కర్మాగారపు కాంట్రాక్టు కార్మికునికిని, పాలిష్ యూనిటు పనివానికిని తప్పక ఇప్పించుట కార్మిక శాఖ విధి. దానితోపాటు ఏడాదికొకసారి, ఈ మనుష్యుడు ఏ యంత్రమును నడుపగలడు, ఏ మరమ్మతు చేయగలడు, ఎంతమందిపై మేస్త్రీగా నుండెను అను సంగతులను వ్రాసి సంతకము చేసి ఇచ్చు ఆచారము పుట్టవలెను. ముందే నేర్చిన విద్యకు పరీక్ష పెట్టి ధ్రువపత్రమిచ్చు పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో నున్నది. నాపబండ పనివారి కొరకు ఆ పరీక్షను క్వారీవద్దనే పెట్టవలెను, కూలి మానుకొని నగరమునకు రమ్మనరాదు. ఇట్టి పత్రములిచ్చినచో కార్మికులు రేపు వానినే పట్టుకొని వ్యాజ్యములు వేయుదురని చిన్న యజమానులు భయపడుదురు. వారి యిబ్బంది నేనెరుగనిది కాదు. గిరాకి తగ్గిన యూనిటు యజమానియు అప్పులలోనే యున్నాడు. కాని ఎవరు ఏ పని నేర్చినవారో వ్రాసియున్నపుడు అతనికిని నిపుణుడైన పనివాడు వెదకకయే దొరకును. వ్రాత లేనిచోట ఇరువురును అడ్డామీద అదృష్టమును నమ్ముకొనవలసినదే.

రెండవది, పట్టణమున ఒక నియోగ కేంద్రము. జిల్లా ఉపాధి కార్యాలయమున పేరు నమోదు చేసికొని ఏండ్లు వేచియుండు పాత పద్ధతి కొలువు పోయినవానికి పనికిరాదు. తాండూరులో సిమెంటు కర్మాగారములు, పప్పు మిల్లులు, పాలిష్ యూనిట్లు, ఆసుపత్రులు గలవు. వికారాబాదునుండి రైలుమార్గముననే హైదరాబాదు పారిశ్రామిక వాడలకు ప్రతిదినము పోయి రావచ్చును. సిమెంటు కర్మాగారమున కన్వేయరు బెల్టులు, గేరు పెట్టెలు, మోటార్లు చక్కబెట్టిన ఫిట్టరు పప్పు మిల్లులోను, మందుల కర్మాగారములోను, నీటి పంపుల నిర్వహణలోను పనికివచ్చును. ప్యాకింగు వేబ్రిడ్జివద్ద లెక్కలు వ్రాసినవాడు గిడ్డంగిలోను, మార్కెట్ యార్డులోను పనికివచ్చును. ఈ సంబంధము కార్మికునికి స్వయముగా తోచకపోవచ్చును, యజమానికి అసలే తోచదు. ఇరువైపుల పరిశ్రమలను ఎరిగిన మధ్యవర్తికి తోచును. కార్మిక శాఖ, ఐటిఐ, యజమానుల సంఘము, కార్మిక సంఘములు కలిసి అట్టి మధ్యవర్తి నొకరిని కూర్చుండబెట్టుటకు భవనములు కట్టనక్కరలేదు. నోటీసు పెట్టిన ప్రతి సంస్థ, నోటీసు దినముననే తొలగింపబడువారి పనితనముల పట్టికను ఆ కేంద్రమునకు పంపవలెనను నియమమొకటి చాలును.

ఇక కొలువు పోయిన సోదరునితో రెండు మాటలు. మొదటి వారముననే ఇంటివారికి సంగతి చెప్పుడు. ఉదయము డబ్బా కట్టించుకొని బయలుదేరి, పగలంతయు స్టేషనులోనో పార్కులోనో గడపి సాయంకాలము ఇంటికి వచ్చుట కొందరు చేయుచున్న పని. అది గౌరవమును కాపాడదు, సహాయము చేయగలవారిని దూరము చేయును. తరువాత కాగితములు సేకరింపుడు: తొలగింపు ఉత్తరము, లెక్క చెల్లింపు పత్రము, సర్వీసు సర్టిఫికెట్టు, జీతపు చీట్లు, పిఎఫ్ ఖాతా సంఖ్య. నోటీసు కాలపు జీతమును, సెలవుల సొమ్మును, సాధారణముగా ఐదేండ్లు నిండినవారు గ్రాట్యుటీని గూడ లెక్క కట్టించుకొనుడు. లెక్క సరికాదని తోచినచో సంతకము చేయకమునుపే సంఘమునో, కార్మిక శాఖనో అడుగుడు. ఈఎస్ఐ పరిధిలో నున్నవారు నిరుద్యోగ భృతికి అర్హత గలదేమో శాఖా కార్యాలయమున విచారింపుడు. పిఎఫ్ సొమ్మును తొందరపడి తీసికొనకుడు. పింఛను పథకమున పదేండ్ల సర్వీసు నిండనిది నెలవారీ పింఛను రాదు గనుక, క్రొత్త కొలువునకు ఖాతాను మార్చుకొనుట మేలు. పరిహారము చేత పడినది గదా యని తెలియని వ్యాపారములోనో, అధిక వడ్డీ ఆశ చూపు ఫైనాన్సులోనో పెట్టకుడు. ఆరు మాసముల ఇంటి ఖర్చును విడిగా బ్యాంకులో నిలిపిన పిమ్మట మిగిలినదానిని గూర్చి ఆలోచింపవచ్చును.

ప్రతి దినము నియమిత కాలమున లేచి, పని వెదకుటయే పనిగా పెట్టుకొనుడు. తెలిసిన పదిమందికి మీకు ఏ పని వచ్చునో స్పష్టముగా చెప్పుడు. "ఏదైన పని ఇప్పించండి" అనువానికంటె "మోటారు వైండింగు వచ్చును, పన్నెండేండ్లు చేసితిని" అనువానిని జనులు గుర్తుంచుకొందురు. తక్కువ జీతముతో మొదలు పెట్టవలసి వచ్చినను, మీ పనితనమును పెంచు కొలువును ఎన్నుకొనుడు. ఎక్కువ కూలి యిచ్చినను ఆ పనితనమును మరపించు పనిలో చిరకాలము నిలువకుడు. ఈ నేలలో కంది వేయు రైతు నడుమ సాళ్లలో పెసరయో జొన్నయో వేసికొనును. కందికి తెగులు వచ్చిన ఏడు ఆ గింజలే యింటిని నిలుపును. కుటుంబమునకును అట్టి రెండవ ఆధారమొకటి కొలువున్న నాడే యుండవలెను: భార్య నేర్చిన కుట్టుపనియో, బిడ్డ నేర్చిన లెక్కల విద్యయో, రాత్రివేళ తాను నేర్చుకొన్న ఎలక్ట్రీషియను పనియో.

ఇరుగుపొరుగువారికిని ఒక ధర్మమున్నది. కొడంగల్, కోస్గి ప్రాంతములనుండి తరతరములుగా ముంబయికి, పుణెకు వలసపోయిన పాలమూరు కూలీల కుటుంబములను ఎరిగిన ప్రాంతము మనది. పని వెదకుకొని పోవువానిని అవమానింపక, త్రోవ ఖర్చు చేతబెట్టి పంపిన సంప్రదాయము ఇచ్చట లేకపోలేదు. ఆ ఆదరమును కంపెనీ కొలువు పోయినవానికిని చూపుడు. అతనిని పెండ్లిండ్లకు పిలువుడు, సభలలో కూర్చుండబెట్టుడు, పిల్లవాని ఫీజునకు బడివారు గడువీయుడు. పరామర్శకన్న ఒక ఖాళీని గూర్చిన కబురు అతనికి ఎక్కువ మేలు చేయును.

కర్మాగారములు పుట్టును, కొన్ని మూతపడును. టైల్స్ స్థానమున రేపు మరియొక వస్తువు రావచ్చును, కిల్న్ దగ్గర మనుష్యుని స్థానమున మరియొక యంత్రము రావచ్చును. ఈ మార్పులను ఆపుట వికారాబాదు జిల్లా చేతిలో లేదు. కాని మారు పరిశ్రమకు మనుష్యుని బలి పెట్టవలెనా వద్దా యనునది మన చేతిలో నున్నది. శాసనసభ్యులను, జిల్లా యంత్రాంగమును, కార్మిక సంఘములను, నాపబండల యజమానులను నేను కోరునది ఇదియే: తాండూరులో పనిచేయు ప్రతి చేతికిని అది ఏమి చేయగలదో చెప్పు వ్రాతపత్రమొకటి ఈ సంవత్సరమే ఇప్పించుడు, నోటీసు పెట్టిన దినముననే క్రొత్త పనికి దారి వెదకు కేంద్రమును పట్టణ నడిబొడ్డున తెరువుడు. పరిహారమును చట్టము ఇప్పించును. తక్కిన కర్తవ్యము మనది, దానిని వాయిదా వేయుటకు ఇక కారణమేదియు లేదు.